కాళహస్తి గుడ్డ మీద స్పైడర్‌మ్యాన్: పదకొండు గళ్ళు, ఒక్క ఫైటూ లేదు

బైరాగిపట్టెడ బాబు · ఆదివారం రాత్రి 9:52

పొద్దున కాళహస్తికి పోయాను. గుడికి కాదు, డిగ్రీలో నాతో చదివిన ఫ్రెండు ఇంటికి. వాడు బెంగళూరులో యానిమేషన్ కంపెనీలో ఉద్యోగం మానేసి రెండేళ్ళ కింద ఊరికొచ్చేశాడు, కలంకారీ వేస్తున్నాడని తెలుసు గానీ ఏం వేస్తున్నాడో తెలియదు. టీ తాగుతూ ఉంటే లోపలికి పోయి చుట్ట చుట్టిన గుడ్డ ఒకటి తెచ్చి మంచం మీద పరిచాడు. రామాయణమో, కన్నప్ప కథో అనుకున్నా. తీరా చూస్తే స్పైడర్‌మ్యాన్!

నవ్వొచ్చింది మొదట. తర్వాత నవ్వలేకపోయాను. మొత్తం పదకొండు గళ్ళు, ప్రతి గడికీ పైన మన కలంకారీ పటాల్లో ఉన్నట్టే తెలుగు రాత పట్టీ. పీటర్ పార్కర్‌ను సాలీడు కుట్టడం, దొంగను పట్టుకోకుండా వదిలేయడం, ఇంట్లో చావు, అంతా ఉంది. కానీ ఎవర్నీ కొట్టడం లేదు, ఒక బిల్డింగు మీంచి ఇంకో బిల్డింగుకు దూకడం లేదు. కథంతా వాళ్ళ పెద్దమ్మ వంటింట్లోంచి కనబడేంత వరకే. పీటర్ బయటికి పోతే మనకు వాడి వీపు కనబడుతుంది, తిరిగొస్తే మొహం కనబడుతుంది, మధ్యలో ఏం జరిగిందో ఆవిడకు తెలియదు కాబట్టి మనకీ చూపించడు.

ఇంకో సంగతి. సాలెగూడు ఆయుధం కాదు ఇందులో, ఇల్లే సాలెగూడు. గోడలు, దూలాలు, ఉట్టి, అన్నీ దారాలతో అల్లినట్టు గీశాడు. ఆ దొంగ చేతిలో తుపాకీ లేదు, దీపం ఉంది.

ఫోటోలు పెట్టొద్దన్నాడు, అందుకే పెట్టడం లేదు. చూసినప్పటి నుంచి మనసు ఒకలా ఉంది, ఎవరితోనైనా మాట్లాడాలని ఇక్కడ రాస్తున్నా.

చిత్తూరు వెబ్‌షూటర్ · రాత్రి 10:05

ఫోటో లేకుండా ఏం మాట్లాడతాం అన్నా. అయినా అడుగుతున్నా, ఫైట్ లేని స్పైడర్‌మ్యాన్ ఎందుకు? ఊగడం లేదు, విలన్ లేడు, వంటిల్లు ఉంది. దానికి ఆ పేరెందుకు, సీరియల్ అని పెట్టుకుంటే సరిపోయేది కదా. నేను చిన్నప్పటి నుంచి ఫ్యాన్‌ను, వాడు ఊగుతుంటే వచ్చే ఆ ఊపు కోసమే చూస్తాను. ఈ మధ్య ప్రతివాడూ హీరోను ఏడిపించి, అదే గొప్ప ఆర్ట్ అంటున్నాడు.

జాతర దొర · రాత్రి 10:09

దొంగ దీపం పట్టుకుని వచ్చాడంటే కరెంటు పోయిన రోజేమో 😀

పాతపుస్తకాల పిచ్చోడు · రాత్రి 10:41

వెబ్‌షూటర్ తమ్ముడూ, మొట్టమొదటి కథ ఎప్పుడైనా చదివావా? 1962 ఆగస్టులో ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో వచ్చింది, స్టాన్ లీ రాత, స్టీవ్ డిట్కో బొమ్మలు. అది ఎన్ని పేజీల కథో తెలుసా, పదకొండు. బాబు చెప్పిన పదకొండు గళ్ళ లెక్క ఊరికే పడింది కాదనుకుంటా. ఆ పత్రికకు అదే ఆఖరి సంచిక కూడా, మూసేసే పత్రికలో పోతే పోయిందిలే అన్నట్టు వేసిన కథ అది.

అందులో కూడా విలన్ అంటూ ఎవడూ లేడు. వచ్చిన బలాన్ని పీటర్ మొదట వాడింది కుస్తీ పందెంలో డబ్బుకోసం, తర్వాత టీవీ షోలో పేరుకోసం. అక్కడ పరిగెత్తుకొచ్చిన దొంగను నాకెందుకులే అని వదిలేస్తాడు. ఆ దొంగే వీళ్ళింట్లో దూరి, పీటర్‌ను పెంచిన అంకుల్ బెన్‌ను కాల్చేస్తాడు. ఆ కాల్చడం డిట్కో గీయనే లేదు! పీటర్ ఇంటికొచ్చేసరికి వాకిట్లో పోలీసు నిలబడి చెబుతాడు, అంతే. ఆఖరి బొమ్మలో చీకటి వీధిలో ఒక్కడే నడిచి పోతుంటాడు. అంటే ఏడుపు మనవాడు కొత్తగా తెచ్చి పెట్టింది కాదు, 1962లోనే ఉంది. తర్వాత అరవై ఏళ్ళ ఫైట్లలో మనమే దాన్ని మరిచిపోయాం.

ఇంకో మాట, “గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత” అనే మాట బెన్ చెప్పాడని అందరూ అనుకుంటారు. మొదటి కథలో ఆయన ఆ మాట అనలేదు, చివరి గడిలో కథ చెప్పేవాడి మాటగా ఉంది. ఆయన నోట విని అందరికీ బాగా గుర్తుండిపోయింది 2002 సినిమా వల్ల.

బాబూ, ఆ మాట గుడ్డ మీద ఉందా?

బైరాగిపట్టెడ బాబు · రాత్రి 10:58

లేదన్నా. ఎక్కడా లేదు. పై పట్టీల్లో అన్నీ పెద్దమ్మ మాటలే, అదీ మన యాసలో. చివరిది గుర్తుంది, చెబుతా తర్వాత.

అవ్వచేతి సంకటి · రాత్రి 11:20

పెద్దమ్మ అన్నారు, బాగుంది. నేనెప్పుడూ మే ఆంటీని పిన్ని అనే అనుకునేదాన్ని, డబ్బింగుల్లో ‘అంకుల్, ఆంటీ’ అని వదిలేస్తే మనకు తెలియదు కదా. ఇంగ్లీషువాళ్ళకు ఆ బాధ లేదు, అందరూ అంకులే. మనకు అలా కుదరదు, చిన్నాయన అయితే కాస్త చనువు, పెదనాయన అయితే కాస్త భయం, మామ అయితే అసలు కథే వేరు.

పాతపుస్తకాల పిచ్చోడు · రాత్రి 11:27

బెన్ పీటర్ నాన్నకు అన్న. కాబట్టి పెదనాయనే, పెద్దమ్మే. మీ ఫ్రెండు సరిగ్గానే రాశాడు.

చిత్తూరు వెబ్‌షూటర్ · రాత్రి 11:40

సరే చుట్టరికం తేలింది. కానీ నా మాట అదే. 2004లో మనవాళ్ళే ఇండియన్ స్పైడర్‌మ్యాన్ చేశారు కదా, పవిత్ర్ ప్రభాకర్, పంచె కట్టుకుని ముంబైలో ఊగేవాడు, జీవన్ కాంగ్ బొమ్మలు. అది మన దగ్గరికి తేవడం అంటే. పేరు మార్చాడు, బట్ట మార్చాడు, ఊగడం మాత్రం ఉంచాడు.

పాతపుస్తకాల పిచ్చోడు · రాత్రి 11:52

అదీ నాకు ఇష్టమే. కాకపోతే అక్కడ కథ అదే, బట్టలే మారాయి. ఇక్కడ చూసే చోటు మారింది. అమెరికా వాళ్ళు కూడా ఇలాంటిది చేశారు, 2002లో ఒక సంచిక మొత్తం పెద్దమ్మా పీటరూ కూర్చుని మాట్లాడుకోవడమే. వాడే స్పైడర్‌మ్యాన్ అని తెలిశాక ఆవిడ వాడిని అడగడం, వాడు ఆ రాత్రి సంగతి చెప్పుకోవడం. ఒక్క గుద్దు లేదు. ఫ్యాన్లకు ఇష్టమైన సంచికల్లో అదొకటి. పడుకుంటా, రేపు పొద్దున బ్యాంకు.

మెట్లదారి · సోమవారం ఉదయం 6:15

అందరూ మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం ఒక సందేహం. కాళహస్తిలో కూర్చుని, సాలీడు, గూడు, దీపం అంటే అది స్థలపురాణం కాదా? శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. స్వామికి దారాలతో గుళ్ళూ గోపురాలూ అల్లిన సాలీడు, దీపం తగిలి అల్లిందంతా కాలిపోతే ఆ దీపాన్నే మింగబోయింది, స్వామి మోక్షం ఇచ్చాడు. ధూర్జటి కావ్యమే రాశాడు దాని మీద. ఆ కథను తీసుకుపోయి అమెరికా బొమ్మల పుస్తకానికి అతికించడం నాకు నచ్చలేదు. తప్పుగా అనుకోవద్దు, గుడికి పదిమంది పోయే ఊరు అది, ఎవరైనా నొచ్చుకుంటారు.

బైరాగిపట్టెడ బాబు · ఉదయం 7:02

అయ్యో, ఇది నాకు తట్టనే లేదు! సొంత జిల్లావాణ్ణి అయ్యుండి, చిన్నప్పటి నుంచి రాహుకేతు పూజకు వచ్చిన చుట్టాలనందరినీ నేనే బస్సెక్కించి తీసుకుపోయి, సాలీడు ఊళ్ళో సాలీడు మనిషి కథ అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అందుకా దీపం! ఇప్పుడు గుడ్డంతా మళ్ళీ కళ్ళ ముందు తిరుగుతోంది. దొంగ దీపం పట్టుకుని వస్తాడు, పీటర్ పక్కకు తప్పుకుంటాడు, తర్వాతి గడిలో ఇల్లు ఒక మూల నుంచి కాలుతూ ఉంటుంది. అల్లినవాడే దారి ఇచ్చాడన్నమాట.

కలంపట్టినోడు · ఉదయం 8:30

మెట్లదారి అన్నా, మాది కాళహస్తే, మూడు తరాలుగా ఇదే పని. మా వాళ్ళు రామాయణం, భారతం వేశారు, బుద్ధుడి కథ వేశారు, ఏసుక్రీస్తు కథా వేశారు. పటం అంటే కథ చెప్పేదే, గళ్ళు గళ్ళుగా, పైన రాతతో. అందుకే కామిక్స్ అనగానే మాకేం కొత్త అనిపించలేదు, మా తాత చేసిందీ అదే కదా అనిపించింది. అపచారం అని నేననుకోను. ధూర్జటి కథలో సాలీడు తప్పు చేసిందా? కోపంతో దీపం మీదికి పోయింది, దానికీ మోక్షమే దొరికింది. పీటర్‌కే దొరకలేదు.

నాకు వేరే అనుమానాలు ఉన్నాయి, పనివాడి అనుమానాలు. బాబూ, రంగులేంటి? స్పైడర్‌మ్యాన్ బట్ట ఎరుపు, నీలం. మా దగ్గర నీలం దేవుళ్ళ ఒంటికి, ఎరుపు రాక్షసులకు, పసుపు ఆడవాళ్ళకు. ఒకే ఒంటి మీద రెండూ వేశాడా?

బైరాగిపట్టెడ బాబు · ఉదయం 9:10

వేశాడు. కానీ బట్ట లేదన్నా, ఒళ్ళే అలా ఉంటుంది. మొదటి గడుల్లో పీటర్ మామూలు రంగే. కుట్టిన తర్వాత చేతుల నుంచి నీలం ఎక్కుతుంది. దొంగను వదిలేసిన గడిలో నుంచి ఎరుపు మొదలవుతుంది, గుండె దగ్గర. పెద్దమ్మ మొత్తం పసుపే. ఇది పద్ధతి అని నాకు తెలియదు, అందంగా ఉందని మాత్రం అనుకున్నా.

కుస్తీ పందెం గడి ఒక్కటే వంటింటి బయట. అది మన గంగమ్మ జాతర వీధిలా ఉంది, పీటర్ వేషం కట్టుకుని మొహానికి రంగు పూసుకుని ఉంటాడు, పెద్దమ్మ జనంలో నిలబడి చూస్తూ ఉంటుంది గానీ వాణ్ణి గుర్తుపట్టదు.

జాతర దొర · ఉదయం 9:14

ఆ గడి నాకు కావాలి. వేషం కట్టినప్పుడు మా అమ్మ కూడా నన్ను గుర్తుపట్టలేదు, ఎదురొచ్చి దండం పెట్టింది. ఇంటికొచ్చి రంగు కడుక్కున్నాక ఎక్కడికి పోయావురా ఇంతసేపు అని తిట్టింది. నవ్వులాటకు చెప్పడం లేదు, నిజం.

కలంపట్టినోడు · ఉదయం 9:35

ఎరుపు సంగతి చెబుతా వినండి, తెలియని వాళ్ళకోసం. ఎరుపు మేము ఎరుపుగా పూయం. ముందు పటిక నీళ్ళు కలంతో పూస్తాం, అప్పుడు గుడ్డ మీద ఏమీ కనబడదు. తర్వాత మంజిష్ఠ, సురుడు చెక్క వేసి గంగాళంలో ఉడకబెడితే, పటిక ఎక్కడ తగిలిందో అక్కడే ఎరుపు బయటికొస్తుంది. పూసిన రోజు తెలియదు, ఉడికిన రోజు తెలుస్తుంది. తప్పు చేసిన చోట ఎరుపు పెట్టాడంటే వాడికి పని తెలుసు.

గీత ఎలా ఉంది? సాలెగూడు గీతలంటే చాలా కష్టం. కలం అంటే వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారం కట్టింది, రంగులో ముంచి వేళ్ళతో నొక్కుతూ గీయాలి. ఒకసారి పడిన గీతను చెరపడానికి లేదు.

బైరాగిపట్టెడ బాబు · ఉదయం 9:50

గీత సన్నగా శుభ్రంగా ఉందన్నా, ఒక్క గడిలో తప్ప. ఎనిమిదో గడి. వాకిట్లో పోలీసు నిలబడి చెప్పే గడి అది. అందులో నల్ల గీతలన్నీ అలుక్కుపోయాయి, పోలీసు మొహం, తలుపు, అంతా మసి పట్టినట్టు పాకిపోయింది. పాపం అక్కడ చెడిపోయినట్టుంది, మళ్ళీ వేసే ఓపిక లేక వదిలేశాడేమో అనుకుని అడగలేదు.

కలంపట్టినోడు · ఉదయం 9:58

ఆగాగు. ఒక్క గడిలోనే అలుక్కుపోయిందా? పక్క గళ్ళు బాగున్నాయా?

బైరాగిపట్టెడ బాబు · ఉదయం 10:03

శుభ్రంగా ఉన్నాయి.

కలంపట్టినోడు · ఉదయం 10:20

అయితే అది చెడిపోలేదు, చెడగొట్టాడు. గీయకముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి నానబెడతాం. కరక్కాయ వల్ల కసిమి నల్లగా మారుతుంది (కసిమి అంటే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టిన నలుపు). పాలలో ఉన్న వెన్న వల్ల ఆ నలుపు పాకకుండా గీసిన చోటే నిలబడుతుంది. పాలు లేకపోతే నలుపు వస్తుంది గానీ నిలబడదు, పాకిపోతుంది. కానీ గుడ్డనంతా ఒకేసారి ముంచుతాం, ఒక్క గడికి పాలు తగలకుండా చేయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ఆ గడి వేరే ముక్క. వేరుగా కరక్కాయ నీళ్ళలో మాత్రం ముంచి, గీసి, తర్వాత కుట్టి ఉంటాడు. పోయి వెనక్కి తిప్పి చూడు, కుట్టు ఉంటుంది.

నేను ఇరవై ఏళ్ళుగా కలం పడుతున్నా, నలుపు పాకకుండా చూసుకోవడమే మాకు నేర్పింది. పాకించడానికి ఇంత కష్టపడినవాణ్ణి మొదటిసారి వింటున్నా.

చిత్తూరు వెబ్‌షూటర్ · ఉదయం 10:31

సరే, ఇది మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నా. మాట వినగానే కళ్ళు తిరిగి ఎదురుగా ఉన్నది మసకబారినట్టు. డిట్కో పేజీలో కూడా ఆ పోలీసు గడి చూస్తే ఎప్పుడూ గట్టిగా అనిపించేది నాకు. అయినా ఊగడం ఉండాల్సింది.

అవ్వచేతి సంకటి · మధ్యాహ్నం 1:15

మా నాన్న పోయినప్పుడు ఫోన్‌లో చెప్పినాయన గొంతు గుర్తులేదు నాకు, ఆయన ఎవరో కూడా గుర్తులేదు. ఎదురుగా గోడకున్న క్యాలెండర్ మాత్రం గుర్తుంది, అందులో అంకెలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. ఎనిమిదో గడి చూడాలనీ ఉంది, వద్దనీ ఉంది.

బాబు తమ్ముడూ, ఒకటి అడుగుతా. మొదటి కథలో వాళ్ళు పీటర్‌కు ఏదో కొనిస్తారు కదా, మైక్రోస్కోపో ఏదో?

పాతపుస్తకాల పిచ్చోడు · మధ్యాహ్నం 1:40

అవునక్కా. ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడని ఇద్దరూ మైక్రోస్కోపు కొని తెచ్చి ఇస్తారు. దొంగను వదిలేసి వచ్చినవాడికి, ఏమీ తెలియకుండా. నన్ను అడిగితే ఆ కథలో గుండె పిండే చోటు అదే, చావు కాదు.

బైరాగిపట్టెడ బాబు · మధ్యాహ్నం 2:05

మైక్రోస్కోపు లేదే. పెదనాయన వాడి చేతిలో ఏదో పెడుతున్నట్టు ఒక గడి ఉంది. పుల్లల కట్ట. పూజకేమో అనుకున్నా.

కలంపట్టినోడు · మధ్యాహ్నం 2:11

పుల్లలు కావు నాయనా. కలాలు.

మీ ఫ్రెండుకు పని నేర్పింది ఎవరు?

బైరాగిపట్టెడ బాబు · రాత్రి 10:30

సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఇక్కడ రాయొచ్చా అంటే రాసుకో, పేరు వద్దు అన్నాడు.

నేర్పింది వాళ్ళ పెదనాయనే. వీళ్ళ నాన్న చిన్నప్పుడే పోతే ఆయనా పెద్దమ్మా పెంచారు. పదో తరగతి అయ్యాక ఆయనే స్వయంగా చెక్కి, దారం కట్టి, ఆరు కలాల కట్ట ఇచ్చాడట. వీడు కంప్యూటర్‌లో బొమ్మలు నేర్చుకుని బెంగళూరుకు పోయాడు, ఆ కట్ట ఇంట్లోనే ఉండిపోయింది. ఒకరోజు రాత్రి పదింటికి పెదనాయన ఫోన్ చేశాడు, వీడు అర్జెంటు పని, డెడ్‌లైన్, టెన్షన్‌లో ఉన్నాడు, రేపు చేస్తాలే అని మెసేజ్ పెట్టేశాడు. ఛాతీలో నొప్పిగా ఉందని, ఎవరికి చెప్పాలో తెలియక పెద్దమ్మను లేపకుండా చేసిన ఫోన్ అట అది. తెల్లవారి పక్కింటాయన ఫోన్ చేశాడు. ఆ పక్కింటాయనే ఎనిమిదో గడిలో పోలీసు.

“దొంగను వదిలేయడం పెద్ద తప్పేం కాదురా, ఎవడైనా ఆ పూట అంతే చేస్తాడు, అందుకే ఆ కథ నన్ను వదలలేదు” అన్నాడు. ఈ గుడ్డకు ఏడు నెలలు పట్టిందట. అమ్మడానికి కాదు, ఎగ్జిబిషన్‌కూ కాదు, పైగా ఆ బొమ్మ హక్కులు కంపెనీవి, అమ్మితే లేనిపోని గొడవ. పెద్దమ్మకు చూపించడానికి వేశాడు, ఇంకా చూపించలేదు.

కుట్టు ఉందన్నా. నువ్వు చెప్పినట్టే.

చివరి గడి చెబుతానన్నాను కదా. పీటర్ సాలీడై, ఎనిమిది కాళ్ళతో, దీపాన్ని మింగడానికి నోరు తెరిచి మీదికి పోతుంటాడు. పెద్దమ్మ ఆ మంటకు అడ్డంగా అరచెయ్యి పెట్టి ఉంటుంది. దీపం ఆరిపోకుండా పెట్టిందనుకున్నా చూసినప్పుడు. పైన రాత చదివితే అర్థమైంది. “వద్దులే నాయనా, నోరు కాలతాది” అని ఉంది.

మెట్లదారి · రాత్రి 10:52

పొద్దున నేను రాసింది కొంచెం తొందరపడి రాశాను. దీపం సంగతిలో నాకు ఇప్పటికీ కొంత ఇబ్బందిగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ అబ్బాయికి చెప్పండి, పెద్దమ్మకు చూపించమని.

చిత్తూరు వెబ్‌షూటర్ · రాత్రి 11:04

సీరియల్ అన్నందుకు సారీ చెప్పు అన్నా. ఇది నా స్పైడర్‌మ్యాన్ కాదు, కానీ వాడి స్పైడర్‌మ్యాన్. ఎప్పటికైనా ఫోటో పెడితే మొదట నాకే పంపు.

అవ్వచేతి సంకటి · రాత్రి 11:10

పెద్దమ్మకు చూపించేటప్పుడు పక్కన ఉండు తమ్ముడూ, వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. ఆ ఫోన్ సంగతి ఆవిడకు తెలుసో తెలియదో.

కలంపట్టినోడు · రాత్రి 11:38

ఆయనెవరో నాకు అర్థమైంది, పేరు రాయను. మా నాన్నా ఆయనా ఒకే చోట పని నేర్చుకున్నారు, స్వర్ణముఖిలో నీళ్ళు పారే రోజుల్లో ఇద్దరూ ఒకే రాయి మీద గుడ్డలు ఉతికేవాళ్ళు.

బాబూ, వాడితో చెప్పు. ఎనిమిదో గడికి పాలు లేవు కాబట్టి తడి తగిలితే పక్క గళ్ళకు కూడా మసి దిగుతుంది, ఉతకొద్దు, మడవొద్దు, మధ్యలో పాత నూలుగుడ్డ పెట్టి చుట్టమను. ఇంకోటి, గుండె దగ్గర ఎరుపు ఎలా ఉంది, ఇటుక రంగులా లేతగా ఉందా? అలా ఉంటే ఒక ఉడుకు తక్కువైనట్టు. ఎనిమిదో గడి ముక్క కుట్టు విప్పి, మిగతాది మళ్ళీ ఉడకబెట్టాలి. ఒక్కడి వల్ల కాదు, గుడ్డ పెద్దది. మా ఇంట్లో పెద్ద రాగి గంగాళం ఉంది, కట్టెలూ ఉన్నాయి. బుధవారం పొద్దున ఎండ ఎక్కకముందే తీసుకురమ్మను.